గోఫ్ర్ పెనం తెరవడానికి తొందరపడకండి: నా అనుభవం

ఇవాళ పది గోఫ్ర్‌లు కాలిస్తే పదీ చిరగకుండా దిగాయి. చేతికి వెన్న వాసన పోకముందే రాసేస్తున్నాను.

గోఫ్ర్ అంటే ఫ్రాన్స్‌లో వాఫుల్, పైనా కిందా గళ్ల పలకలున్న కరెంటు పెనంలో పిండి పోసి మూత వేసి కాల్చేది. ఈస్టుతో పొంగించిన ముద్దలో చక్కెర పలుకులు కలిపి కాల్చేది బెల్జియంలోని లియేజ్ రకం. ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో పలచగా కాల్చి, మధ్యకు చీల్చి వనిల్లా క్రీము కూరేది ఇంకోటి. నేను చేసింది జారుపిండితో ఇళ్లలో చేసుకునే మామూలు తీపి గోఫ్ర్. అక్కడి తిరునాళ్లలో పైన చక్కెర పొడి చల్లి వేడివేడిగా చేతికిచ్చే రకం ఇదే.

పిండి కలపడంలో కష్టమేమీ లేదు. మైదా 250 గ్రాములు (ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లకు టీ45 గానీ టీ55 గానీ అని రాసున్న పిండి), చక్కెర 40 గ్రాములు, వనిల్లా చక్కెర ఒక చిన్న పొట్లం, చిటికెడు ఉప్పు, గుడ్లు 3, పాలు 400 మిల్లీలీటర్లు, కరిగించిన వెన్న 100 గ్రాములు. బేకింగ్ పౌడర్ అక్కడ 11 గ్రాముల పొట్లాల్లో దొరుకుతుంది, అందులో సగం చాలు. మొత్తం వేస్తే నాలుక మీద చేదు మిగులుతుంది. పాలు గోరువెచ్చగా ఉండాలి, చల్లటివి పోస్తే వెన్న పలుకులు కట్టేస్తుంది. మైదాలో ముందు పచ్చసొనలు, కాసిని పాలు వేసి గట్టిగానే కలిపి, ఉండలు పోయాక మిగతా పాలు, చివర వెన్న పోయండి. అరగంట నాననివ్వండి. తెల్లసొన నురగను కాల్చబోయే ముందే కలపాలి. గిలక్కొట్టినప్పుడు కొస కాస్త వంగేలా ఉంటే చాలు. మరీ గట్టిగా కొడితే పిండిలో కలవక తెల్ల ముద్దలుగా తేలుతుంది.

అసలు పరీక్ష పెనం దగ్గరే. మూడు వారాల పాటు మూత ఎత్తిన ప్రతిసారీ గోఫ్ర్ అడ్డంగా రెండుగా చీలింది. పై పొర పై పలకకు, కింది పొర కింది పలకకు, మధ్యలో జిగురు. గళ్ల సందుల్లో ఇరుక్కున్నదాన్ని వెదురు పుల్లతో ఒక్కో గడీ గీక్కుంటూ కూర్చోవాల్సి వచ్చింది. పెనం అమ్మినతను "నాన్‌స్టిక్ అండీ, నూనె చుక్క అక్కర్లేదు" అన్నాడు. పచ్చ దీపం వెలగ్గానే పిండి పోయమని పెనంతో వచ్చిన కాగితంలో ఉంది. నా పెనం విషయంలో రెండూ తప్పే. నూనె వద్దని చెప్పి పెనం అమ్మేవాళ్లు ఒక్కసారైనా అందులో పిండి పోసి చూపించాలి.

గులాబి పువ్వులు వండినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. అచ్చు నూనెలో బాగా కాగకపోతే పువ్వు ఊడి రాదు. ఇదీ అంతే. దీపం మొదటిసారి వెలిగేసరికి తీగ దగ్గర వేడెక్కుతుంది కానీ పలక మందమంతా కాలదు. చల్లటి పిండి పడగానే వేడి దిగిపోతుంది, పైన పొర గట్టిపడేలోపే పిండి లోహాన్ని పట్టేస్తుంది. అందుకే మూత వేసి పది నిమిషాలు కాలనిచ్చి, దీపం ఆరి రెండోసారి వెలిగాకే పోశాను. పలకలకు కుంచెతో నూనె రాశాను. వెన్న రాయకండి, అందులోని పాల పదార్థం మాడి అదే జిగురవుతుంది.

ఒక్కో గోఫ్ర్‌కు చిన్న గరిటెడు, దాదాపు 90 మిల్లీలీటర్లు. మధ్యలో పోసి మూత వేస్తే అంచులకు అదే పాకుతుంది. పక్కల నుంచి ఆవిరి బుసబుసా కొడుతుంది. ఆ ఆవిరి పలచబడేదాకా మూత ముట్టుకోవద్దు. లోపలి తడి ఆవిరై పోయి, పొర గట్టిపడితేనే గోఫ్ర్ పలకను వదులుతుంది. నా పెనంలో నాలుగు నిమిషాలు పట్టింది. మూత మెల్లగా ఎత్తి చూడండి, బరువుగా పట్టినట్టుంటే వదిలేసి ఇంకో అర నిమిషం ఆగండి. అయిందంటే అంచు పలక నుంచి వెంట్రుకవాసి ఎడంగా జరిగి కనిపిస్తుంది, ఫోర్కు తగిలిస్తే లేచొస్తుంది.

పిండిలో 100 గ్రాముల చక్కెర వేయమనే వంటకాలను నమ్మకండి. లోపల ఉడక్కముందే చక్కెర పాకమై, పైన నల్లబడి, గళ్లకు అతుక్కుంటుంది. తీపి పైన చల్లుకునే చక్కెర పొడితో గానీ, చక్కెర వేసి గిలక్కొట్టిన షాంతియీ క్రీముతో గానీ వస్తుంది.

దించినవి ఒకదాని మీద ఒకటి పేర్చారంటే వాటి ఆవిరికే రెండు నిమిషాల్లో తడిగుడ్డలా మెత్తబడతాయి. కాళ్లున్న జల్లెడ మీద విడివిడిగా పెట్టండి. మిగిలినవి ఫ్రీజర్‌లో దాచి టోస్టర్‌లో వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి, మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి. పెనాన్ని గీకకండి, వెచ్చగా ఉండగానే తడి కాగితం మడిచి లోపల పెట్టి మూత వేస్తే, కాసేపటికి అంటుకున్నదంతా మెత్తబడి కాగితంతో తుడిస్తేనే వచ్చేస్తుంది.