మొక్కలు రాత్రి నిద్రపోతాయట!

జీవశాస్త్రం పేపర్లు దిద్దేటప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి తప్పు జవాబులే. రాత్రిపూట కిరణజన్య సంయోగక్రియ ఎందుకు జరగదంటే "మొక్కలు నిద్రపోతాయి కాబట్టి" అని ఒక పిల్లవాడు రాస్తే పడీపడీ నవ్వాను గానీ, అంతకన్నా మొండి తప్పు ఇంకోటుంది, మొక్కలు రాత్రి మాత్రమే శ్వాసక్రియ జరుపుతాయని చాలామంది రాసేస్తారు. మొక్క 24 గంటలూ శ్వాసక్రియ జరుపుతూనే ఉంటుంది, పగలు అందులో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని ఆకు అక్కడికక్కడే వాడేసుకుంటుంది కాబట్టి బయటికి తెలియదు, అంతే.

జీవ పరిణామం ప్రశ్నకైతే ఒకమ్మాయి "మా నాన్న బస్తాలు మోసి కండలు పెంచాడు, అందుకే మా తమ్ముడు పుట్టుకతోనే బలంగా ఉన్నాడు" అని రాసింది. ఎంత ముద్దుగా ఉందో! జిరాఫీ మెడ గురించి 1809లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్ అనుకున్నది కూడా అచ్చం ఇదే, మెడ చాచీ చాచీ పొడవైతే ఆ పొడవు పిల్లలకీ వస్తుందని. జర్మన్ శాస్త్రవేత్త వీజ్‌మన్ తరతరాలుగా ఎలుకల తోకలు కత్తిరించినా వాటి పిల్లలు తోకలతోనే పుట్టాయని చెబితే, ముందు "పాపం ఎలుకలు" అంది, బతుకులో వచ్చిన మార్పులు అలా పిల్లలకి రావని తర్వాతే అర్థమైంది.

గుండె బొమ్మలో కుడి ఎడమలు తారుమారు చేసినవాళ్లకి మాత్రం నేను మార్కులు పూర్తిగా కొయ్యను. ఆ బొమ్మ మనకి ఎదురుగా నిలబడ్డ మనిషిది, అతని ఎడమ మనకి కుడివైపు వస్తుందని టీచర్లం ముందే చెప్పాలి కదా.