బొమ్మలకి తెలుగు రాదంట

"బొమ్మలకి తెలుగు రాదమ్మా" అన్నాడు మావాడు. అదీ తెలుగులోనే అన్నాడు, ఇంక వాణ్ణి తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో నాకు అర్థం కాలేదు. నేను చేసిందల్లా మినిమాక్స్ అనే పిల్లల కార్టూన్ ఛానెల్ ఆపి యూట్యూబ్‌లో తెలుగు కథలు పెట్టడం. వాడు రిమోట్ లాక్కుని మళ్ళీ మినిమాక్సే పెట్టుకున్నాడు.

మినిమాక్స్ అంటే మేముండే స్లోవేకియాలో, ఈ చుట్టుపక్కల దేశాల్లో పిల్లలున్న ఇళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1999లో హంగరీలో మొదలై తర్వాత రొమేనియా, చెక్, స్లోవేకియా, సెర్బియా అన్నీ పాకింది. బొమ్మ ఒకటే, గొంతులే వేరు, బుడాపెస్ట్‌లో హంగేరియన్ మాట్లాడే కుందేలు బుకారెస్ట్ వెళ్తే రొమేనియన్ మాట్లాడుద్ది. స్లోవేకియా రాజధాని మా బ్రాటిస్లావాలో మాత్రం అది స్లోవాక్ కాదు, చెక్ మాట్లాడుద్ది. దగ్గర దగ్గర భాషలు కాబట్టి పిల్లలు ఎట్లాగో అర్థం చేసుకుంటారు. 12 ఏళ్ళలోపు పిల్లలకి వేసే పరాయిభాష కార్టూన్లు స్లోవాక్‌లోకి డబ్బింగ్ చేసే వెయ్యాలని ఇక్కడ చట్టం కూడా ఉంది, కానీ అది స్లోవేకియా ఛానెళ్ళకి, బయట్నుంచి కేబుల్లో వచ్చేవాటిని ఎవరాపుతారు.

మా పక్కింటావిడకి ఇదే బెంగ, వాళ్ళ పాప ఇంట్లో సగం చెక్ మాటలు మాట్లాడుద్దంట, వాళ్ళ మామ్మగారికి ఒళ్ళు మండుద్దంట. లిఫ్ట్ దగ్గర నిలబడి ఇద్దరం తెగ ఓదార్చుకున్నాం. తలుపేసుకున్నాక అనిపించింది, ఆవిడకి ఓదార్పెందుకు అసలు, కిందకి దిగితే బస్సు డ్రైవరు దగ్గర్నుంచి అందరూ స్లోవాకే కదా.

నేను కూడా తెనాలిలో అట్లాగే పెరిగా. దూరదర్శన్‌లో ఆదివారం జంగిల్ బుక్ హిందీలో వచ్చేది, ఆ పాట అర్థం తెలీకుండానే మా వీధిలో పిల్లలందరికీ నోటికొచ్చు, తర్వాత కార్టూన్ నెట్‌వర్క్ వచ్చింది, అది ఇంగ్లీషు, అదీ అర్థం కాకుండానే పగలబడి నవ్వేవాళ్ళం. మా అమ్మ ఒక్కరోజు కూడా తెలుగు పోతుందేమోనని భయపళ్ళేదు. టీవీ ఆపితే వీధంతా తెలుగే మరి. మావాడికి ఆ వీధి లేదు, నేనూ వాళ్ళ నాన్నా ఉన్నాం, అందులో ఆయన వచ్చేసరికి వీడు పడుకుంటాడు.

అంటే వీధి మొత్తం నేనే. ఆ వీధిలో రోజంతా ఏం వినపడుద్దో ఓసారి ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. తిను, లే, చెప్పులు తీసెయ్, టీవీ ఆపు, ఎన్నిసార్లు చెప్పాలి. కుందేలేమో చెక్‌లో జోకులేసుద్ది, పడుద్ది, లేచుద్ది, దొంగతనాలు చేసుద్ది. నేను వాడి స్థానంలో ఉంటే నేనూ కుందేలు పక్షమే.

పోనీ యూట్యూబ్‌లో ఉన్న తెలుగు కథలు చూపిద్దామా అంటే ప్రతిదాంట్లోనూ ఓ ముసలాయన చివర్లో వచ్చి బుద్ధిగా ఉండాలి పిల్లలూ అంటాడు. మావాడు ఆయన రాకముందే లేచి పోతాడు. సరే, మన దగ్గర ఏమీ లేదని కాదు, సన్ వాళ్ళ ఖుషీ టీవీ 2009 నుంచీ ఉంది, 2021లో హైదరాబాద్ నుంచి ఈటీవీ బాలభారత్ 12 భాషల్లో మొదలైంది, అదీ మినిమాక్స్ పద్ధతే, ఒకే బొమ్మకి బోలెడు గొంతులు. చెక్ వాళ్ళు కోటి మంది దాటి ఎంతో లేరు, మనం 2011 జనాభా లెక్కల్లోనే ఎనిమిది కోట్లు, అయినా మావాడి లెక్కలో బొమ్మలకి తెలుగు రాదు.

ఇంట్లో సాయంత్రం ఆరు దాటాక అంతా తెలుగే అని రూల్ పెట్టింది నేనే. ఆరున్నరకి ఆఫీసు కాల్ ఉంటే మినిమాక్స్ పెట్టి తలుపు దగ్గరకేసేదీ నేనే. ఒకప్పుడు ఆ ఛానెల్ రాత్రి ఎనిమిదింటికి పిల్లల కార్టూన్లు ఆపేసేది, ఆ తర్వాత అదే నంబర్లో పెద్దపిల్లలకి జపాన్ యానిమే వచ్చేది. అట్లా ఎవరన్నా ఆపేస్తే నా బదులు వాళ్ళు తిట్లు తినేవాళ్ళు.

మొన్న సౌండ్ తీసేసి నేనే తెలుగులో డబ్బింగ్ చెప్పా. కాసేపు నవ్వాడు, తర్వాత "ఆ కుందేలు అంతలా అరవదమ్మా" అన్నాడు. గొంతు మార్చి చూశా, జోకు మాత్రం ఒక్కటీ తట్టలేదు. ఆఫీసులో స్లైడ్లు తిప్పుతూ గంటసేపు మాట్లాడే మనిషిని, కుందేలుకి ఒక్క జోకు రాయలేకపోయా.

వేసవికి తెనాలి తీసుకెళ్తే అక్కడి పిల్లల్లో పడి బాగుపడతాడని నా ఆశ. అదే మా వదినకి ఫోన్లో చెప్పా. వాళ్ళ పిల్లలు టీవీయే పెట్టరంట, ట్యాబ్‌లో ఇంగ్లీషు రైమ్స్, ఇంగ్లీషు కార్టూన్లు, తెలుగులో పెడితే ఏడుస్తారంట. "మీవాడికి మూడు నాలుగు భాషలొచ్చంట కదా వదినా, ఎట్లా నేర్పించావేంటి" అని అడిగింది.