ఆల్బమ్ షీట్లు మెయిల్‌లో కాదు, లింకులో పంపండి

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే గుంటూరులో డిజైన్ చేసిన పెళ్లి ఆల్బమ్‌లు బెజవాడ ప్రింటింగ్ ల్యాబ్‌లకు క్యూ కడతాయి. 40 షీట్ల ఆల్బమ్‌లో ఒక్కో జేపీజీ 20 ఎంబీ అనుకున్నా మొత్తం 800 ఎంబీ. జీమెయిల్ అటాచ్‌మెంట్ హద్దు 25 ఎంబీ. విడివిడిగా పంపినా తిప్పలే. మెయిల్‌లో వెళ్లే ఫైలు అక్షరాల రూపంలోకి మారుతుంది, ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి. అంటే 20 ఎంబీ షీటు దారిలో 27 ఎంబీ బరువు తూగుతుంది. అవతలి మెయిల్ సర్వర్ హద్దు తక్కువైతే తిరిగొచ్చేస్తుంది.

వాట్సాప్‌లో ఫొటోగా పెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3600 బై 10800 పిక్సెళ్లు. మామూలు క్వాలిటీలో వాట్సాప్ దాని పొడవును సుమారు 1600కి కుదించేస్తుంది. 36 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 44 చుక్కలే. ఫోన్‌లో చక్కగానే కనబడుతుంది కాబట్టి ఎవరూ పసిగట్టరు. ప్రింటు చేతికొచ్చాక చూస్తే పెళ్లికూతురి చీర జరీ అంచు అలుక్కుపోయి ఉంటుంది. తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళుతుంది.

అన్నిటికన్నా గూగుల్ డ్రైవ్ లింకు నయం. ముందు షీట్లన్నీ ఒకే జిప్ చేయండి, అంటే ఒకే ఫైలుగా మూట కట్టండి. జేపీజీలు జిప్‌లో పెద్దగా తగ్గవు, సైజు కోసం కాదు. సగంలో ఆగిన జిప్ తెరుచుకోదు, లోటు అక్కడికక్కడే తెలిసిపోతుంది. విడి ఫైళ్లయితే 40లో 37 దిగినా ఎవరూ లెక్కపెట్టరు.

జిప్‌ని డ్రైవ్‌లోకి ఎక్కించి, షేర్ నొక్కాక ‘రిస్ట్రిక్టెడ్’ తీసి ‘ఎనీవన్ విత్ ద లింక్’, పక్కన ‘వ్యూయర్’ పెట్టండి. ఎక్కువ పనులు ఆగేది ఇక్కడే. రాత్రి షిఫ్టు ఆపరేటర్‌కి ‘రిక్వెస్ట్ యాక్సెస్’ అని వస్తుంది, ఆ సమయానికి మీరు నిద్రలో ఉంటారు. అందుకే లింకును మీ లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి తెరిచి చూశాకే పంపండి. దాంతోపాటు ‘40 షీట్లు, 812 ఎంబీ’ అని లెక్క రాయండి. 100 ఎంబీ దాటిన ఫైలుకి వైరస్ స్కాన్ కాలేదన్న హెచ్చరిక వస్తుందనీ, ‘డౌన్‌లోడ్ ఎనీవే’ నొక్కమనీ ముందే చెప్పండి.

నెట్ ప్లాన్‌లో చూడాల్సింది అప్‌లోడ్ స్పీడు. 10 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 1.25 ఎంబీ, కాబట్టి 800 ఎంబీకి దాదాపు 11 నిమిషాలు. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగుతుంది, దాన్ని ఇన్వర్టర్ లైనుకి కలపండి.

ల్యాబ్ వాళ్లు జిప్ తెరిచి షీట్లు లెక్క సరిపోయాయని చెప్పేదాకా డ్రైవ్‌లోంచి తీయకండి. తీశాక బిన్ కూడా ఖాళీ చేయండి. లేకపోతే 30 రోజులు అక్కడే జాగా తింటుంది. ఉచితంగా వచ్చే 15 జీబీ జీమెయిల్‌కీ ఫొటోలకీ కూడా కలిపే, అది నిండితే కొత్త ఆర్డర్ల మెయిళ్లు కూడా రావు.