‘ఎనర్జీ’ చేతికి రావడానికి

అమెరికన్ బ్యాండ్ ఆపరేషన్ ఐవీ ఆల్బమ్ ‘ఎనర్జీ’ మొత్తం గిటారు మీద నేర్చుకోవాలని కూర్చునేసరికి నాకు పవర్ కార్డులు (రాక్‌లో వాడే రెండు స్వరాల పట్లు) వచ్చు, వేగంగా మీటడం వచ్చు. జమైకాలో పుట్టిన స్కా అనే సంగీత శైలి మాత్రం బొత్తిగా రాదు. 1989లో లుకౌట్ రికార్డ్స్ తెచ్చిన పంతొమ్మిది పాటల ఆల్బమ్ అది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చెందిన ఆ కుర్రాళ్లకు మొదటి ఆల్బమూ అదే, చివరిదీ అదే.

మొదటి పాట ‘నాలెడ్జ్’ తొందరగానే పట్టుబడింది. అది నేరుగా పంక్, అంటే వేగంగా, మొరటుగా సాగే రాక్. రెండోది ‘సౌండ్ సిస్టమ్’ దగ్గర బండి ఆగిపోయింది. స్కాలో గిటారు తాళం దెబ్బ మీద పడదు, దెబ్బకీ దెబ్బకీ నడుమ పడుతుంది. తాళం వేశాక కాస్త ఆగి ఎత్తుకునే కీర్తనలు పాడినవాళ్లకి ఈ ఇబ్బంది తెలుసు. కాకపోతే అక్కడ ఎత్తుగడలో జాగ్రత్త పడితే సరి, ఇక్కడ పాట పొడుగునా అదే పని.

కుడిచెయ్యి పైకి మీటమని అందరూ చెబుతారు. సాధన చేస్తుంటే నాకు తెలిసొచ్చిందేమిటంటే, అసలు పని ఎడమచేతిది. కార్డు పలికిన మరుక్షణం వేళ్ల పట్టు సడలించాలి, అలాగని తీగల మీంచి లేపెయ్యకూడదు. తీగ ఫ్రెట్‌ని (గిటారు మెడ మీది లోహపు మెట్టుని) వదిలితే చాలు, మోత టక్కున తెగుతుంది. అది తెగకపోతే ఎంత వేగంగా మీటినా స్కా కాదు. లయ కొట్టే మెట్రోనోమ్‌ని సగం వేగంలో పెట్టుకుని, లావు తీగల జోలికి పోకుండా సన్న తీగల మీదే చాలాకాలం ఇదొక్కటే చేశాను. ఇంట్లోవాళ్ల ఓపికకి దణ్ణం పెట్టాలి.

పాటలోకి దిగాక డ్రమ్స్ వెంట పడితే తడబడుతున్నాను. బ్యాండ్‌లో మ్యాట్ ఫ్రీమన్ వాయించిన బేస్ గిటారు వెంట వెళ్తే కుదిరింది. నన్నడిగితే ఈ ఆల్బమ్‌ని మోసేది ఆ బేసే. టిమ్ ఆర్మ్‌స్ట్రాంగ్ గిటారు దానికి చోటిచ్చి పక్కకు తప్పుకుంటుంది. ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఉంటేనే స్కా పంక్ అనేవాళ్లు ఇది వినాలి. ‘బ్యాడ్ టౌన్’లో సాక్సోఫోన్ ఉంది, అంతే.

తర్వాతి చిక్కు స్కా నుంచి పంక్‌లోకి దూకడం. తాళం లెక్క వేస్తున్న కాలితోనే గిటారు మోతని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ నొక్కాలి, నొక్కగానే లెక్క పోతుంది. లెక్కని ఎడమకాలి మడమకి మార్చుకున్నాక దారికొచ్చింది.

ఇక శుభ్రంగా వాయిస్తే ఈ పాటలు పలకవు. బ్యాండ్ వాళ్లు మొదట బర్క్‌లీలోని 924 గిల్మన్ అనే పంక్ క్లబ్బులోనే రికార్డు చేయబోయారు, అది కుదరక శాన్ ఫ్రాన్సిస్కో స్టూడియోకి వెళ్లారు. అయినా ఆ గరుకు పోలేదు, గాయకుడు జెస్సీ మైకేల్స్ గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. పిక్ (తీగలు మీటే బిళ్ల) గట్టిగా పట్టి, కొంచెం మొరటుగా మీటితేనే దగ్గరికొచ్చింది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు వరుసలో వెళ్లకండి. ముందు ‘యూనిటీ’ పట్టుకోండి, చెయ్యి తిరగడానికి అందులో బోలెడంత స్కా ఉంది. ‘నాలెడ్జ్’ ఎప్పుడైనా వస్తుంది.