గడ్డం తీశాను, ఐడీ పోయింది: మళ్ళీ తెచ్చుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం నా ఫుడ్ డెలివరీ యాప్ ఐడీ మళ్ళీ ఆన్ అయింది. సారీ లేదు, కారణం లేదు. యాప్ తెరిస్తే "వెల్‌కమ్ బ్యాక్" అని ఒక రంగుల బొమ్మ, అంతే. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, ఎందుకంటే కాస్త ఆగితే నేను కూడా "పోనీలే, వచ్చింది కదా" అనే రకంలోకి జారిపోతాను.

మాది మదనపల్లె. బెంగళూరులో మారతహళ్ళి వైపు ఫుడ్ డెలివరీ చేస్తాను. కంపెనీ పేరు రాయను, రేపు కూడా అదే బ్యాగు తగిలించుకుని రోడ్డెక్కాలి. బీకాం చదివాను, రేటింగ్ 4.8, మున్నేకొళాల సందుల్లో మ్యాప్ ఎక్కడెక్కడ అబద్ధం చెబుతుందో నాకు కంఠతా వచ్చు. ఈ గొప్పలు ఎందుకంటే, ఇలాంటి విషయం ఎవరైనా రాయగానే "నువ్వేదో చేసే ఉంటావులే" అనేవాళ్ళు తయారవుతారు.

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. మండలం పాటు గడ్డం, నుదుట గంధం, నల్ల లుంగీ బదులు నల్ల ప్యాంటు, పైన కంపెనీ టీషర్టు. మా యాప్ మధ్యమధ్యలో సెల్ఫీ అడుగుతుంది, ఐడీ ఎవరిదో వాళ్ళే బండి నడుపుతున్నారా అని చూడడానికి. గడ్డం రోజుకింత పెరగడం వల్లో ఏమో, ఆ రోజులన్నీ సెల్ఫీ పాస్ అయింది. శబరిమల వెళ్ళొచ్చి, మాల తీసి, గడ్డమూ మీసమూ నున్నగా గీయించుకుని లాగిన్ అయ్యాను. మొహం మ్యాచ్ కాలేదంది. వెలుతురులోకి వెళ్ళి తీశాను, కాలేదు. అద్దాల దుకాణం ముందు నిలబడి తీశాను, కాలేదు. ఐడీ బ్లాక్. మొదట్లో చేరినప్పటి ఫోటోతో పోల్చిందో, మొన్నటి గడ్డం ఫోటోతో పోల్చిందో ఇప్పటికీ నాకు ఎవరూ చెప్పలేదు. ముందే ఫోటో మార్చుకోవాల్సింది కదా అనే తెలివైనవాళ్ళకి: యాప్‌లో ఆ ఆప్షన్ లేదు, నేను వెతికాను.

చాట్ సపోర్ట్ గురించి ఒక్క మాట చాలు. ఆర్డర్ లేటైతే ఒక బటన్ ఉంది, బ్యాగు చిరిగితే ఒక బటన్ ఉంది, "ఇది నా మొహమే" అని చెప్పడానికి బటన్ లేదు.

తర్వాత టీఎల్‌కి, అంటే మా టీమ్ లీడర్‌కి, ఫోన్ చేశాను. వర్షం పడి రైడర్లు దొరకని రోజు ఈయనే అరగంటకోసారి ఫోన్ చేసి "బ్రదర్, ఒక్క గంట లాగిన్ అవ్వండి ప్లీజ్" అంటాడు. ఇప్పుడు ఎంతసేపటికో ఎత్తి, నేను చెప్పేది సగం కూడా వినకుండా, "ఐడీ రెంట్‌కిచ్చావా గురూ?" అన్నాడు. ఐడీ అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు, కాదనను. ఒకడి పేరు మీద ఇంకొకడు తిరుగుతాడు, వచ్చినదాంట్లో వాటా పంచుకుంటారు. కానీ నన్ను రోజూ చూసే మనిషి, మాల వేసుకున్నన్నాళ్ళూ "స్వామీ" అని పిలిచిన మనిషి, ఆ మాట అనడం నాకు ఐడీ పోయినదానికంటే ఎక్కువ కాలింది. ఆఫీసుకెళ్ళమని చెప్పి పెట్టేశాడు.

ఆ ఆఫీసు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు ఉంది. కంపెనీ భాషలో మేం పార్ట్‌నర్లం. పార్ట్‌నర్లు ముందు గేటు నుంచి రాకూడదు, పక్క సందులోంచి తిరిగి బేస్‌మెంట్‌లోకి దిగాలి. సెక్యూరిటీ అతను బ్యాగు బయట పెట్టించాడు, హెల్మెట్ బయట పెట్టించాడు, వాటికి ఏమైనా అయితే తనకి సంబంధం లేదన్నాడు. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను, మాలాంటి మొహాలు. కలబురగి నుంచి వచ్చిన ఒకాయన, అస్సాం కుర్రాళ్ళు ఇద్దరు, చంటిబిడ్డని ఎత్తుకుని భర్త తరఫున వచ్చిన ఒకమ్మాయి. భర్తకి యాక్సిడెంట్ అయి కాలు కట్టుతో ఉంటే, వరసగా లాగిన్ కాలేదని అతని ఐడీ తీసేశారట. ఆ అమ్మాయికి ఏం జవాబు వచ్చిందో నాకు తెలీదు, నా టోకెన్ ముందే వచ్చింది.

టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు మా తమ్ముడికంటే చిన్నవాడు. తల ఎత్తకుండానే "గోడకి నిలబడు" అన్నాడు. తెల్ల గోడ. ఆధార్ కార్డు గడ్డం కింద పట్టుకోమన్నాడు. ఎడమకి తిరుగు, కుడికి తిరుగు. స్టేషన్లో దొంగలకి ఫోటోలు తీస్తారే, అచ్చం అలాగే. వెనక కుర్చీల్లోవాళ్ళు అందరూ చూస్తున్నారు. ఫోటో తీసి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. ఒక పక్క గడ్డంతో నేను, ఒక పక్క గడ్డం లేకుండా నేను.

"ఇందులో నువ్వెవరు?"

"రెండూ నేనే సార్."

"సిస్టమ్ ఇద్దరు మనుషులంటోంది."

"మాల వేసుకున్నాను సార్, తీశాక గడ్డం గీయించుకున్నాను."

"సరే, ఆ గడ్డం అతని ఫోన్ నంబరివ్వు."

నా నంబరే ఇచ్చాను, ఇంకెవరి నంబరు ఇస్తాను? డయల్ చేశాడు. నా జేబులో ఫోన్ మోగింది. గది మొత్తం నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు, చాలా సీరియస్‌గా, "అంటే అతని ఫోన్ నీ దగ్గరుందా?" అన్నాడు.

ఇది నేను కల్పించి రాస్తున్నానని అనుకునేవాళ్ళు అనుకోండి. నాకే ఆ క్షణంలో ఒక పిచ్చి అనుమానం వచ్చింది, నిజంగానే ఇద్దరం ఉన్నామేమోనని. ఫోన్‌లో ఫోటోలు తీసి చూపించాను. ఇరుముడి కట్టుకున్నప్పటిది, పంబ దగ్గరిది, మా గురుస్వామితో కలిసి దిగింది. రైలు టికెట్ కూడా చూపించాను. "ఇప్పుడు ఏఐతో ఎవరైనా చేస్తారు బ్రో ఇవన్నీ" అన్నాడు. ఏఐ చెప్పింది నమ్మి నన్ను దొంగని చేశారు, నేను నిజం చూపిస్తే అది ఏఐ చేసిందేమో అంటున్నారు. రెండు వైపులా నేనే ఓడిపోవాలి.

చివరికి ఒక బటన్ నొక్కి "ఎస్కలేట్ చేశాను, టికెట్ మెసేజ్ వస్తుంది" అన్నాడు, అంటే పైవాళ్ళకి పంపాడు, ఫిర్యాదు నంబరు వస్తుందని. నేను వచ్చినట్టు ఒక కాగితం ఇవ్వమంటే, అలాంటిది ఇక్కడ ఉండదన్నాడు. లేచేటప్పుడు చూశాను, అతని మెడలో ట్యాగ్ మీద ఉన్నది మా కంపెనీ పేరు కాదు, మనుషుల్ని కాంట్రాక్టు మీద సప్లై చేసే ఇంకో కంపెనీ పేరు. అప్పుడు అర్థమైంది. ఇతని స్క్రీన్ మీద నా ఐడీ ఆన్ చేసే బటనే లేదు. నన్ను ఒక గంట నిలబెట్టి అవమానించిన మనిషికి నన్ను నమ్మినా నమ్మకపోయినా ఏమీ చేసే అధికారం లేదు. అతన్ని అక్కడ కూర్చోబెట్టింది మేం ఆ పై మెట్లు ఎక్కకుండా ఉండడానికే. టికెట్ మెసేజ్ రాలేదు.

పని లేక రూమ్‌లో పడుకున్నప్పుడు ఇలాంటివి ఇంకెక్కడైనా జరిగాయా అని చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లండ్‌లో పా ఎడ్రిస్సా మాంజాంగ్ అనే ఉబర్ ఈట్స్ డెలివరీ మనిషి ఉన్నాడు, నల్లజాతివాడు. సెల్ఫీలు మళ్ళీ మళ్ళీ అడిగి, మొహం మ్యాచ్ కావడం లేదని 2021లో తీసేశారు. అతను ఊరుకోలేదు, కేసు వేశాడు, అక్కడి మానవ హక్కుల కమిషన్ ఖర్చులకి సాయం చేసింది, 2024 మార్చిలో కంపెనీ డబ్బిచ్చి రాజీ చేసుకుంది. ఇంకోటి, 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ అప్పీల్ కోర్టు ఉబర్ డ్రైవర్ల కేసులో, వీళ్ళని తీసేసింది కంప్యూటరేనని, మధ్యలో మనిషి చూశాడని కంపెనీ చెప్పేది పేరుకేనని తేల్చింది. అదే రోజు అదే కోర్టు మన బెంగళూరు ఓలా మీద కూడా డ్రైవర్ల డేటా విషయంలో తీర్పిచ్చింది. చూడండి, ఇక్కడి కంపెనీని అక్కడి డ్రైవర్లు అక్కడి కోర్టులో నిలదీయగలిగారు. యూరోపియన్ యూనియన్‌లో 2024లో వచ్చిన డైరెక్టివ్ (సభ్య దేశాలకిచ్చే ఆదేశం) ప్రకారం ఖాతా ఆపేసే నిర్ణయం మనిషే తీసుకోవాలి, 2026 డిసెంబరు లోపు ఆ దేశాలన్నీ దాన్ని చట్టంలో పెట్టుకోవాలి. మనకి 2023లో డేటా చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని రూల్సు వచ్చాయి, కానీ యంత్రం ఒక్కటే నా కూడు మీద నిర్ణయం తీసుకోకూడదనే హక్కు అందులో ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. నేను పార్సిళ్ళిచ్చే అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు లిఫ్ట్‌లో మాట్లాడుకుంటుంటారు, ఏఐ వచ్చి మన ఉద్యోగాలు పోతాయని. మీకు ఇప్పుడొస్తోంది టెన్షన్. నాకు మొదట్నుంచీ మేనేజరంటే సాఫ్ట్‌వేరే. స్లాటు అదే ఇస్తుంది, రేటు అదే కడుతుంది, జరిమానా అదే వేస్తుంది, చివరికి నా మొహం నాదో కాదో కూడా అదే చెబుతుంది. నీతి ఆయోగ్ 2022 రిపోర్టు లెక్కన 2020-21లోనే దేశంలో మాలాంటివాళ్ళు 77 లక్షలు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళలో కొందరికి నేనే బిర్యానీ ఇచ్చి ఉంటాను.

దారి చూపించింది ఆ బేస్‌మెంట్‌లో పక్కన కూర్చున్న కలబురగి అన్న. ఆయన యూనియన్‌లో ఉన్నాడు. బయట టీ తాగుతూ, "కర్ణాటకలో మన కోసం చట్టం ఉంది, అది పట్టుకుని రాయి, నోటితో అడిగితే ఏం రాదు" అన్నాడు. చూస్తే నిజమే. 2025 మేలో ఆర్డినెన్స్‌గా వచ్చి, సెప్టెంబరులో చట్టమైంది. పేపర్లన్నీ రాసింది, మాకిచ్చే డబ్బు మీద కంపెనీలు 1 నుంచి 5 శాతం సంక్షేమ ఫీజు కట్టాలన్న సంగతి గురించే. నాకు పనికొచ్చింది లోపల ఉంది. పనిలోంచి తీసేయాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, 14 రోజుల ముందు నోటీసివ్వాలి, ఎవరికైనా శారీరకంగా హాని చేసిన కేసుల్లో తప్ప. రేటింగు, ఆర్డర్లు, డబ్బు విషయంలో ఆటోమేటిక్ సిస్టమ్ ఎలా నిర్ణయిస్తుందో అడిగితే చెప్పాలి. గొడవలు తేల్చడానికి కంపెనీలో కమిటీ ఉండాలి.

కంపెనీల తెలివి ఎక్కడుందంటే, నన్ను "తీసేశాం" అని ఎక్కడా అనలేదు, "తాత్కాలికంగా నిలిపివేశాం" అన్నారు. ఎప్పటిదాకానో చెప్పలేదు. తేదీ లేని తాత్కాలికానికీ తీసేయడానికీ ఇంటి అద్దె కట్టేవాడికి ఏం తేడా ఉంటుంది? నోటీసు తప్పించుకోవడానికి తప్ప ఆ మాట ఇంకెందుకూ పనికిరాదు.

మా రూమ్మేట్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాడు, వాడి చేత మెయిల్ రాయించాను. వాడు మొదట రెండు పేజీల ఏడుపు రాశాడు, కొట్టించేశాను. నాలుగు ప్రశ్నలు మాత్రం ఉంచాం: ఏ రూల్ తప్పాను, ఏ ఫోటోని ఏ ఫోటోతో పోల్చారు, ఆ పోలికని మనిషి ఎవరైనా చూశారా, ఇది తీసేయడమా కాదా, తీసేయడమైతే 14 రోజుల నోటీసు ఏది. చట్టం పేరు పూర్తిగా రాశాం. గడ్డం ముందు, గడ్డంతో, గడ్డం తర్వాత ఫోటోలు తేదీలతో పెట్టాం. సపోర్ట్ మెయిల్‌కి పంపలేదు, అది బావిలో వేసినట్టే. యాప్‌లో టర్మ్స్ అని ఎవరూ చదవని పేజీ ఉంటుంది, దాని అడుగున ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఉంటుంది, దానికి పంపి, కాపీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి పెట్టాం. ఆ కాపీయే పనిచేసిందని నా నమ్మకం, రుజువు అడక్కండి. మీకు ఇలా అయితే ఆఫీసుకి పోయి టోకెన్ తీసుకోకండి, ముందు మెయిల్ పెట్టండి. టీఎల్‌కి మాత్రం అస్సలు ఫోన్ చేయకండి. యూనియన్‌లో చేరండి. చేరితే బ్లాక్ చేస్తారని భయపెడతారు, నేను చేరకుండానే చేశారు కదా.

నా ప్రశ్నల్లో ఒక్కదానికి కూడా జవాబు రాలేదు. ముందు కొత్త సెల్ఫీ తీయమని మెసేజ్ వచ్చింది, తీశాను, పాస్ అయింది, బొమ్మ వచ్చింది. అదే మొహం, అదే ఫోన్, అదే గది. రాత్రి టీఎల్ ఫోన్ చేసి "చెప్పాను కదా గురూ, అయిపోతుందని" అన్నాడు. నేను ఏం మాట్లాడలేదు, రేపు కూడా ఆయన కిందే పని చేయాలి.

ఐడీ ఆగినన్నాళ్ళ ఇన్సెంటివ్ రాలేదు. అంతకుముందు వారం నేను తిరిగి సంపాదించిన పేఅవుట్ కూడా "హోల్డ్" అని చూపిస్తోంది. యాప్‌లో టికెట్ మాత్రం పరిష్కారమైందని ఆకుపచ్చ టిక్కు పెట్టుకుంది. ఈ ఉదయం అదే గ్రీవెన్స్ మెయిల్‌కి, అదే కాపీతో, పాత నాలుగు ప్రశ్నల కింద ఐదోది చేర్చి పంపాను: నా డబ్బు ఎప్పుడేస్తారు?