చేతికి తగిలింది, పెనాల్టీ ఇవ్వలేదు

తిరుపతిలో ఏ ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి పోయినా ఇంతే. బంతి చేతికి తగిలితే చాలు, ఆడేవాళ్లూ చూసేవాళ్లూ కలిసి 'హ్యాండ్, హ్యాండ్' అని అరుస్తారు. రెఫరీ పరీక్షకి చదివేటప్పుడు ఆఫ్‌సైడే కష్టమనుకున్నాను. తీరా 17 నిబంధనల్లో నాకు ఎక్కువ కాలం పట్టింది 12వ దాంట్లోని హ్యాండ్‌బాల్, అంటే బంతి చేతికి తగిలే తప్పు గురించిన భాగమే.

మాకు నేర్పిన సీనియర్ రెఫరీ మొదట నన్ను నిలబెట్టి, చంక అడుగుభాగానికి సరిగ్గా చొక్కా చేతి మీద చాక్‌పీసుతో అడ్డగీత గీశారు. "దీనికి పైన తగిలితే భుజం. ఆట సాగనీ. కింద తగిలితే అప్పుడు ఆలోచించు" అన్నారు.

ఆ ఆలోచనలోనే ఉంది చిక్కంతా. కావాలని చేత్తో ఆపితే వాదనే లేదు. 2010 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఘనా గోల్ కాకుండా ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేతులతో ఆపాడు. రెడ్ కార్డు, పెనాల్టీ. కావాలని కాకపోయినా, చెయ్యి శరీరాన్ని అసహజంగా పెద్దది చేస్తే అదీ తప్పే. ఏది అసహజం? ఎగిరేవాడి చేతులు పైకి లేస్తాయి, పరిగెత్తేవాడివి ఊగుతాయి. ఆ కదలికకి ఆ చెయ్యి అక్కడ ఉండాల్సిందేనా అని చూడాలి. షాట్‌కి అడ్డం పడుతూ చెయ్యి బారజాపినవాడికి ఆ సమాధానం ఉండదు.

గోల్ సంగతి వేరు. పొరపాటున తగిలినా సరే, ఆ చేతి నుంచే బంతి గోల్‌లోకి పోయినా, తగిలిన వెంటనే అతనే గోల్ కొట్టినా చెల్లదు. 2021లో మారింది ఏమిటంటే, పొరపాటున తగిలిన బంతి తోటి ఆటగాడికి అంది అతను కొడితే గోల్ ఇవ్వాలి. ఇది న్యాయమైన మార్పని నా నమ్మకం.

యూనివర్సిటీ గ్రౌండ్‌లో కాలేజీ పిల్లల మ్యాచ్‌కి విజిల్ పట్టినప్పుడు ఇదంతా ఒక్క క్షణంలో తేల్చాల్సి వచ్చింది. గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్‌లో డిఫెండర్ జారి పడుతూ నేల మీద చెయ్యి ఆనించాడు, బంతి వచ్చి దానికి కొట్టుకుంది. ఇలా ఆనించిన చేతి గురించి 2019 నిబంధనల్లో విడిగా ఒక వాక్యం ఉండేది. 2021లో తీసేశారు, ఇప్పుడు నిర్ణయం రెఫరీదే. చెయ్యి ఒంటి కిందే ఉంది, పక్కకి చాచలేదు. ఆట ఆపలేదు.

కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం సార్, చేతికి తగల్లేదా?"

"తగిలింది నాయనా, చూశాను. పడేటప్పుడు చెయ్యి ఇంకెక్కడ పెడతాడు?"

అతను ఒప్పుకోలేదు. నేనూ మార్చలేదు.

అప్పటినుంచి బాక్స్ దగ్గరికి ఆట వస్తే బంతి వెనకాలే పరిగెత్తను. కొంచెం పక్కకి జరిగి, డిఫెండర్ చేతికీ నడుముకీ మధ్య ఖాళీ కనబడే చోట నిలబడతాను.