బొడోనీ వాడేముందు సన్నగీత కొలవండి

శుభలేఖ మీద వధూవరుల పేర్లు ఇంగ్లీషులో వేయమని వచ్చేవాళ్లు చూపించే నమూనా చాలాసార్లు వోగ్ ఫ్యాషన్ పత్రిక పేరులాంటి అక్షరమే. అదే బొడోనీ తరహా ఫాంట్. నిలువుగీత లావు, అడ్డగీత వెంట్రుకంత. కొసన ఉండే చిన్న గీతకూ (సెరిఫ్) వంపు ఆసరా ఉండదు, సూటిగా అతికినట్టుంటుంది. పారిస్‌లో ఫర్మిన్ దిదో 1784 ప్రాంతంలో, ఆ తర్వాత పార్మాలో జాంబత్తిస్తా బొడోనీ ఈ రూపాన్ని తీర్చారు. నునుపైన కాగితం వచ్చాకే ఇది కుదిరింది. గరుకు అట్ట మీద ఇప్పటికీ కుదరదు.

సన్నగీత ఫాంట్ సైజులో నూటికి రెండు వంతులనుకోండి. 10 పాయింట్లలో (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) అది 0.2 పాయింటు, 24లో 0.48. ఆఫ్‌సెట్ ముద్రణలో 0.25 కంటే సన్నం పోకూడదు. ముదురు రంగులో తెల్ల అక్షరం వదలాలంటే 0.5 అయినా ఉండాలి, లేకుంటే ఇంకు పాకి గీత మూసుకుపోతుంది. అంటే పెద్దగా వేసే పేర్లకు సరే, చిన్నగా వేసే ముహూర్తానికీ అడ్రసుకూ వద్దు. సన్న అక్షరాన్ని నాలుగు రంగుల కలయికతో వేయొద్దు. రంగు మీద రంగు పడే పొందిక (రిజిస్ట్రేషన్) కాస్త జరిగినా అంచుల్లో రంగు నీడ కనిపిస్తుంది. నలుపు ఒక్కటే చాలు. ఎత్తుపల్లాలున్న మెరూన్ ఎంబోజ్ అట్ట మీద బంగారు ఫాయిల్ అయితే ఇంకా కష్టం: గుంతల్లో ఫాయిల్ అంటక అడ్డగీతలు తెగుతాయి.

గీత సన్నగా ఉందని డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో అదే రంగు అవుట్‌లైన్ తగిలించడం మనవాళ్ల అలవాటు. లావుగీత కూడా ఉబ్బి, అక్షరం లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. బొడోనీ మోడా అనే ఫాంట్‌లో ఆప్టికల్ సైజు (అచ్చయ్యే సైజుకు తగ్గట్టు గీతల మందం మార్చే అమరిక) 6 నుంచి 96 వరకు మార్చుకోవచ్చు. సంఖ్య తగ్గించేకొద్దీ సన్నగీత బలపడుతుంది. అసలు మందు అది.

పక్కన తెలుగు పెట్టేటప్పుడే తంటా. కడప బ్రౌన్ గ్రంథాలయంలోని తాటాకు ప్రతులు చూడండి. గంటం ఎటు తిప్పినా గీత దాదాపు ఒకే మందం. ఒత్తితే లావయ్యే పాళీ నుంచి వచ్చిన అందం బొడోనీది. కాబట్టి తెలుగులో ఆ లావుసన్నాల్ని బలవంతంగా వెతక్కండి. నోటో సెరిఫ్ తెలుగులాంటి, గీతల మధ్య మోస్తరు తేడా ఉన్న ఫాంట్ తీసుకుని, బరువు ఇంగ్లీషు లావుగీతకు కొంచెం తక్కువగా పెట్టండి. వత్తులు కింది వరసకు తగలకుండా లైన్ల మధ్య ఎడం పెంచండి.

షాపు బోర్డుకైతే నా ఓటు లేదు. అడుగు ఎత్తు అక్షరంలో సన్నగీత ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లే. అందులో ఎల్ఈడీ మాడ్యూల్ (బోర్డు వెలిగించే బల్బుల ముక్క) ఇరికించలేరు. రాత్రి నిలువుగీతలు మాత్రమే వెలిగి, షాపు పేరు కంచె కట్టెల్లా కనిపిస్తుంది.

మెనూ కార్డుకో ధరల పట్టికకో వాడితే ముందు రూపాయి గుర్తు టైపు చేసి చూడండి. ఆ గుర్తు 2010లో వచ్చింది. పాత ఫాంట్లలో అది లేక, ఆ ఒక్క చోట వేరే ఫాంట్ దూరుతుంది.